పంటి రంగు ఫిల్లింగ్ పెట్టించుకున్నాక పన్ను ఇబ్బంది పెడుతోందా?

నమిలితే చురుక్కుమంటోంది

మత్తు దిగాక సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటుంటే, వేరుశెనగ గింజ పడ్డచోట ప్రాణం లేచొస్తుంది. ఎక్కువమంది మళ్లీ వచ్చేది దీనికే, ఇది తేలిగ్గా పోయేదీనూ. ఫిల్లింగ్ వెంట్రుకవాసి ఎత్తుగా ఉండిపోయిందన్నమాట. మత్తులో ఉన్న దవడకి ఆ ఎత్తు తెలియదు, డాక్టరు కొరకమన్నా సరిగ్గా కొరకలేం. మళ్లీ వెళ్తే నీలం కాగితం పళ్ల మధ్య పెట్టి కొరికించి, ముదురు మచ్చ పడ్డచోట కాస్త గీకుతారు. ఐదు నిమిషాల పని. అదే అరుగుతుందిలే అని నెలల తరబడి ఊరుకుంటే వేరు చుట్టూ సలుపు మొదలవుతుంది.

చల్లటి నీళ్లకి జివ్వుమంటోంది

పుచ్చు లోతుగా ఉంటే ఒకటి రెండు వారాలు ఇది మామూలే. జివ్వుమని వెంటనే తగ్గిపోతే ఆగి చూడండి. నీళ్లు మింగాక కూడా నొప్పి తగ్గకుండా ఉంటున్నా, రాత్రి నిద్ర లేపుతున్నా లోపలి నరం దెబ్బతిన్నట్టే, రూట్ కెనాల్ తప్పకపోవచ్చు. దానికి ఫిల్లింగ్‌నే తిట్టక్కర్లేదు, చాలాసార్లు పుచ్చు అప్పటికే నరం దాకా వెళ్లి ఉంటుంది. ఇంకొకరికి చూపించాలనుకుంటే రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ ఉంది.

ఊడిపోయింది, లేదా అంచు నల్లబడింది

వెనకటి వెండి సిమెంటు గుంటలో బిగుసుకుని నిలిచేది. ఈ పంటి రంగు ఫిల్లింగ్‌లో వాడే రెసిన్ ముద్ద అలా కాదు, పంటికి అంటుకుని ఉండాలి. అందుకే 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్ కాసేపు రాసి కడుగుతారు. పన్ను కంటికి కనిపించనంత గరుకు తేలుతుంది. ఆ గరుకులోకి బాండింగ్ ద్రవం, అంటే అతికించే మందు, ఇంకాక అది గట్టిపడేలా నీలం లైటు కొడతారు. ఈ మధ్యలో ఉమ్మి తగిలిందా, పట్టు పోయినట్టే. బయట విశాఖ ఉక్కపోత ఎంతున్నా నోటి తేమ ముందు అది లెక్కలోది కాదు. ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ బిగించే రబ్బరు తెర, రబ్బరు డ్యామ్, వేస్తానంటే విసుక్కోకండి, అది వేసే డాక్టరే నాకు నచ్చుతాడు.

ఇంకో కారణం తొందర. మామూలు రెసిన్‌ని 2 మిల్లీమీటర్లు మించని పొరలుగా వేసి, ఒక్కో పొరకీ లైటు కొట్టాలి. ముద్దగా కుక్కితే అడుగుదాకా లైటు అందక మెత్తగా ఉండిపోతుంది. గట్టిపడేటప్పుడు రెసిన్ కుంచించుకుంటుంది కూడా, దాంతో అంచు దగ్గర సందు పడుతుంది. మందపు పొరలకని తయారైన బల్క్ ఫిల్ రకాలు వేరు. అంచున టీ మరక మాత్రమే అయితే పాలిష్‌తో పోతుంది. కింద పుచ్చు పట్టి ఉంటే తీసి మళ్లీ వేయాల్సిందే.

రెండు పళ్ల మధ్య ఆహారం ఇరుక్కుంటోంది

ఫిల్లింగ్ పక్క గోడని పక్క పంటికి ఆనేలా కట్టలేదు. పుల్లతో గుచ్చుకుంటూ కాలం గడపొద్దు, చిగురు వాస్తుంది. పళ్ల మధ్య రేకు, చెక్క మేకు బిగించి ఆ గోడ మళ్లీ కట్టించుకోవాలి.

రంగు కలవలేదు

పని పూర్తయిన వెంటనే అద్దం చూసి బెంగపడొద్దు. ఆరిన పన్ను తెల్లగా కనిపిస్తుంది, తడి పట్టాక మర్నాటికి దాని రంగు దానికొస్తుంది. అప్పటికీ తేడాగా ఉంటే పన్ను ఆరాక రంగు ఎంచి ఉంటారు. పై పొర గీకి, సరైన రంగు వేయమని అడగండి.