అక్వేరియానికి సంప్ – 4వ పాఠం: కరెంటు పోతే నీళ్లు ఎక్కడికి వెళ్తాయి?

సంప్ అంటే ట్యాంకు కింద పెట్టే రెండో తొట్టి. పై నీళ్లు పైపులో దాంట్లోకి దిగుతాయి, పంపు వాటిని మళ్లీ పైకి పంపుతుంది. పోయిన పాఠంలో ట్యాంకు అద్దానికి రంధ్రం చేసి ట్యాంక్ నిపుల్ (ఆ రంధ్రంలోంచి పైపు కలిపే మరల ముక్క) బిగించడం దాకా వచ్చాం. ఆ తర్వాత నాకు రాసినవాళ్లలో సగం మందిది ఒకటే బాధ: నిపుల్ దగ్గర బొట్లు బొట్లుగా కారుతోంది. ఇద్దరికైతే ట్యాంకే పోయింది. అందుకే పైపుల్లోకి వెళ్లే ముందు వెనక్కి వెళ్దాం. వాషర్ (నిపుల్‌కి వేసే రబ్బరు ఉంగరం) గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టడం నేను చేసిన పొరపాటు.

వాషర్ నీళ్లున్న వైపే ఉండాలి. అంటే ట్యాంకు లోపల, నిపుల్ తలకీ అద్దానికీ మధ్య. నట్టు బయట. పంపిన ఫోటోల్లో చాలామంది వాషర్‌ని బయట నట్టు కింద పెట్టారు. అలా పెడితే నీళ్లు రంధ్రంలోకి దూరి, థ్రెడ్ల వెంటే నడిచి, నట్టు లోపలి నుంచి బయటికొస్తాయి. నట్టు థ్రెడ్లు నీళ్లను ఆపవు. కారుతోంది కదా అని ఇంకాస్త బిగిస్తారు, పైపు రెంచి పెడతారు, రంధ్రం అంచు నుంచి అద్దం చీలుతుంది. చేత్తో బిగించి, ఆ పైన పావు తిప్పు చాలు. సిలికాన్ వద్దు, టేపు వద్దు. ప్యాకెట్లో రెండు వాషర్లుంటే రెండోది దాచుకోండి, పనికొస్తుంది.

డ్రిల్ ఆనగానే ట్యాంకు మొత్తం చిన్న చిన్న పలుకులుగా రాలిపోయిందన్న ఇద్దరిదీ టఫెన్డ్ గ్లాసు, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం. దానికి ఏ బిట్టుతోనూ రంధ్రం పడదు. రెడీమేడ్ ట్యాంకుల్లో అడుగున ఉండే అద్దం ఒక్కటే టఫెన్డ్ అయి ఉండొచ్చు. అద్దం వెనక తెల్లటి స్క్రీన్‌తో ల్యాప్‌టాప్ పెట్టి, పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలతో ముందు నుంచి చూడండి. స్క్రీన్ నల్లబడేదాకా తల పక్కకి వంచండి. మచ్చలు మచ్చలుగా, చారలుగా కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు.

ఇక పైపులు. కోయడం, సొల్యూషన్ రాయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. అతికించాక 24 గంటలు నీళ్లు వదలొద్దు, అంతే. నీళ్లు దిగే పైపుకి 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45లు వాడండి. పైపు చివర సంప్ నీళ్లలో ఒక అంగుళం మాత్రమే మునగాలి. లోతుగా ముంచితే పైపులో గాలి బయటికి పోలేక గుడగుడమంటూనే ఉంటుంది. నేను ఎప్పుడూ దిగే పైపులు రెండు పెడతాను: ఒకటి గేట్ వాల్వుతో (చాలా చుట్లు తిప్పితే కొద్దికొద్దిగా మూసుకునే వాల్వు), రెండోది ఏ వాల్వూ లేకుండా, అత్యవసరానికి. బాల్ వాల్వు వద్దనేది నా పట్టుదల. వెంట్రుకవాసి తిప్పితే సగం మూసుకుపోయే వాల్వుతో నీటిమట్టం కుదరదు.

ఇప్పుడు అసలు సంగతి. పంపు నడుస్తున్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. కరెంటు పోగానే పైకి నీళ్లు పంపే రిటర్న్ పైపే సైఫన్‌గా మారి, ట్యాంకులోని నీళ్లను వెనక్కి లాగుతుంది. పైపు మూతి గాలికి తేలేదాకా ఆగదు.

లెక్క చూడండి. 120 × 45 సెంటీమీటర్ల ట్యాంకులో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు. రిటర్న్ మూతి 5 సెంటీమీటర్లు మునిగి ఉంటే 27 లీటర్లు. ఓవర్‌ఫ్లో బాక్సులో (ట్యాంకులో, నీళ్లు దిగే పైపుల దగ్గరుండే చిన్న అర), పైపుల్లో ఉన్నవి ఇంకో 3 అనుకుందాం. మొత్తం 30. కింద సంప్ 60 × 30 అయితే అందులో మట్టం దాదాపు 17 సెంటీమీటర్లు లేస్తుంది. సంప్ ఎత్తు 35, మామూలుగా 22 దాకా నీళ్లుంటే మిగిలిన జాగా 13. మిగతా నీళ్లు, అంటే ఏడు లీటర్లకు కాస్త తక్కువ, నేల మీదికే. నా మొదటి ట్యాంకుకి ఇదే జరిగింది. ఎండాకాలం, అర్ధరాత్రి కోత. పొద్దున లేచేసరికి కేబినెట్ అడుగు చెక్క ఉబ్బి, ఎక్స్‌టెన్షన్ బోర్డు నీళ్లలో పడి ఉంది. అప్పటినుంచి బోర్డు ఎప్పుడూ సంప్ కంటే ఎత్తులో గోడకే కొడుతున్నాను.

"నాన్‌రిటర్న్ వాల్వు పెడితే సరి" అని దుకాణాల్లో చెబుతారు. నీళ్లను ఒక వైపుకే పోనిచ్చి, వెనక్కి రాబోతే మూతపడే వాల్వు అది. ఈ మాట వింటే నాకు చిరాకు. బోరు నీళ్ల ఉప్పు పేరుకున్నా, చిన్న నత్త ఇరుక్కున్నా, ఒక ఆకు ముక్క అడ్డం పడినా ఆ మూత పూర్తిగా మూసుకోదు. ఆరు నెలలు పనిచేసి ఏడో నెల మోసం చేసే వస్తువు మీద ఇల్లు వదిలేయలేం. పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి, కానీ అది లేనట్టే లెక్క వేయండి. మట్టం తగ్గగానే గాలి పీల్చి సైఫన్ తెగేలా, ట్యాంకు మట్టానికి కాస్త కింద రిటర్న్ పైపుకి 4 మిల్లీమీటర్ల గాలి రంధ్రం పెట్టేవాళ్లున్నారు. మంచిదే, కానీ పాచి పట్టి మూసుకుపోతుంది. వారం వారం టూత్‌పిక్‌తో పొడవాలి. ఇన్వర్టర్ ఉందిలే అనుకోవద్దు, బ్యాటరీ అయిపోయాక జరిగేదీ ఇదే.

నమ్మదగ్గది ఒకటే. రిటర్న్ మూతిని మట్టానికి ఒకటిన్నర సెంటీమీటరు కిందే ఉంచండి. అప్పుడు వెనక్కి వచ్చేది 8 లీటర్లు, పైన ఆ 3. సంప్‌లో లేచేది 6 సెంటీమీటర్లు. హాయిగా పడుతుంది.

లెక్కలు వద్దనుకునేవాళ్లకి నా అడ్డదారి: పంపు ఆపేసి, పైనుంచి రావలసిన నీళ్లన్నీ దిగనివ్వండి. సంప్ అంచుకి 3 సెంటీమీటర్ల కిందిదాకా నీళ్లు నింపండి. ఇప్పుడు పంపు వేయండి. సంప్‌లో మట్టం తగ్గి నిలిచిన చోట పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయండి. పంపు నడుస్తుండగా ఆ గీత దాటి ఎప్పుడూ నీళ్లు పోయకండి.

అభ్యాసం, చేపలు వేయకముందే: పది రోజుల పాటు రోజుకోసారి పంపు స్విచ్ ఆపండి. అన్నీ దిగాక సంప్ మట్టం కొలిచి తేదీతో రాయండి. పదకొండో రోజు గేట్ వాల్వు పూర్తిగా మూసి, పంపు వేసి, అత్యవసర పైపు ఒక్కటే మొత్తం నీళ్లు మోస్తుందో లేదో గంటసేపు పక్కనే కూర్చుని చూడండి. ట్యాంకు మట్టం అంచు వైపు పాకుతుంటే వెంటనే పంపు ఆపి, ఆ పైపు సైజు పెంచండి.