తుప్పు పట్టిన సస్పెన్షన్ బోల్టు విప్పాలంటే

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో తిరిగే కార్లకు ఉప్పుగాలి వల్ల కింది బోల్టులు తొందరగా తుప్పు పడతాయి, అందుకే షాక్ అబ్జార్బరో లింకు రాడ్డో (మలుపుల్లో కారు ఒరగకుండా చూసే బార్‌ను సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీ) ఇంట్లోనే మార్చుకుందాం అనుకునేవాళ్లు ముందురోజు రాత్రే పని మొదలుపెట్టండి. బయటికి కనిపించే మరలను వైర్ బ్రష్‌తో బాగా రుద్ది, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి, పడుకునే ముందు ఇంకోసారి. నానడమే సగం పని చేసిపెడుతుంది.

పొద్దున 12 మూలల సాకెట్ వాడొద్దు, అది జారితే నట్టు మూలలు అరిగిపోతాయి. 6 మూలలదే పెట్టి పొడవాటి రాడ్డుతో నిదానంగా బలం వేయండి. కొంచెం కదిలిందంటే ఒకేసారి లాగేయకుండా, కాస్త బిగిస్తూ మళ్లీ వదులు చేస్తూ, మధ్యమధ్యలో ఆయిల్ చుక్క వేస్తూ రావాలి. లింకు రాడ్డు నట్టుతో పాటు పిన్ను కూడా తిరుగుతుంటే, చాలా కార్లకు దాని కొనలో గుంట ఉంటుంది, అందులో అలెన్ కీ పెట్టి పట్టుకోండి. బోల్టు వదులవుతుందని రబ్బరు బుష్ పక్కన మంట పెట్టొద్దు, ఆయిల్ కొట్టిన చోట అసలే వద్దు.

ఒట్టి జాకీ మీద కారు నిలబెట్టి ఇంత బలం వేయడం ప్రాణానికే ప్రమాదం, స్టాండ్లు పెట్టాల్సిందే. స్ట్రట్ (షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ కలిసి ఉండే భాగం) పైన మధ్యలో ఉండే నట్టు జోలికి మాత్రం పోకండి, స్ప్రింగ్‌ను నొక్కిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా విప్పితే స్ప్రింగ్ ఎగిరి కొడుతుంది.