షెల్టర్ నుంచి తెచ్చుకున్న పిల్లిపిల్లకి ఏం పెట్టాలి, ఏమని పిలవాలి?

తెచ్చుకునే రోజే షెల్టర్ వాళ్లని అడిగేయండి: ఇప్పటిదాకా ఏ ఫుడ్ పెట్టారు, రోజుకి ఎన్నిసార్లు పెట్టారు, నులిపురుగుల మందు ఎప్పుడు వేశారు, టీకాలు ఏవి అయ్యాయి అని. వీలైతే ఆ ఫుడ్డే ఓ చిన్న ప్యాకెట్ తెచ్చుకోండి. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త వాసనలు, అసలే బెదిరిపోయి మంచం కింద దూరి ఉంటుంది, దానికి తోడు తిండి కూడా ఒక్కసారిగా మార్చేస్తే విరేచనాలు పట్టుకుంటాయి. కొన్నాళ్లు పాత ఫుడ్డే పెట్టి, తర్వాత కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో పూర్తిగా మార్చండి.

పాలు మాత్రం వద్దు. పిల్లి అనగానే మన ఇళ్లలో ముందు పాలగిన్నె పెడతారు, అది గబగబా తాగేస్తుంది కూడా, కానీ తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకి పాలలో ఉండే లాక్టోజ్ అరగదు. ముప్పావు కిలో కూడా లేని ప్రాణికి విరేచనాలు మొదలైతే ఒంట్లో నీరు ఎంతో సేపు నిలవదు. మంచినీళ్లు చాలు, అవి కూడా తిండి గిన్నెకి కాస్త దూరంగా.

పెరుగన్నంతో పెంచేద్దాం అనుకునేవాళ్లకి గట్టిగానే చెప్తున్నాను, కుదరదు. పిల్లి పూర్తిగా మాంసాహారి. దానికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే అందాలి, అది తగ్గితే చూపూ గుండే రెండూ దెబ్బతింటాయి. మీ ఇంట్లో మాంసం వండకపోతే వండొద్దు, కిట్టెన్ ఫుడ్ అని రాసి ఉన్న ప్యాకెట్ కొనండి. కుక్కల ఫుడ్ చవగ్గా దొరుకుతుందని అది మాత్రం తేకండి.

రెండు నెలల పిల్లకి రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి, పెరిగే కొద్దీ మూడుకి, ఆరు నెలలు దాటాక రెండుకి తగ్గించుకోవచ్చు. ఎంత పెట్టాలో బరువుని బట్టి ప్యాకెట్ మీదే ఉంటుంది. డ్రై ఫుడ్ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గింజ వేలితో నొక్కితే నలిగేంత మెత్తబడ్డాక పెట్టండి. లోతు గిన్నె కాకుండా చిన్న ప్లేటులో పెడితే మూతి ఇరుక్కోకుండా హాయిగా తింటుంది. ఎండాకాలంలో తడి ఫుడ్ త్వరగా పాడవుతుంది, అరగంటలో తినకపోతే తీసేయండి. చీమల బాధ ఉంటే ఆ ప్లేటుని నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి.

అప్పుడప్పుడూ ఉడికించిన చికెన్ పెట్టొచ్చు, ఎముకల్లేకుండా, ఉప్పూ కారం వేయకుండా. కూరలో ముక్క కడిగి పెట్టడం మాత్రం పనికిరాదు, ఉల్లి, వెల్లుల్లి సారం అప్పటికే అందులోకి దిగి ఉంటుంది, అవి పిల్లుల రక్తకణాలని నాశనం చేస్తాయి.

ఇక పేరు. చిన్నది పెట్టండి, రెండక్షరాలు చాలు: మిన్ని, టిక్కు, పండు. ఇంట్లో పిల్లాణ్ణి బుజ్జి అని పిలుస్తుంటే దీనికి బుజ్జి వద్దు. షెల్టర్లో పెట్టిన పేరుకి పలుకుతుంటే మార్చక్కర్లేదు. పిల్లులు తమ పేరుని మిగతా మాటల నుంచి వేరుగా గుర్తుపడతాయని 2019లో జపాన్ పరిశోధకులు చూపించారు కూడా. నేర్పడం తేలిక, ప్లేటు కింద పెట్టే ముందు ప్రతిసారీ ఆ పేరు పిలవండి, అంతే. నానమ్మ ఒకటి, పిల్లలు ఒకటి పిలవకుండా ఇంటిల్లిపాదీ అదే పేరు వాడాలి, తిట్టేటప్పుడు మాత్రం ఆ పేరు నోట్లోంచి రానివ్వకండి. కొన్నాళ్లకి పక్కగదిలోంచి పిలిచినా చెవి ముందు తిరుగుతుంది, తర్వాత తోక పైకెత్తి అదే వచ్చేస్తుంది.

మొదటి రాత్రి తినకపోతే టెన్షన్ పడకండి, ఫుడ్ కాస్త వెచ్చచేసి వాసన వచ్చేలా దగ్గర పెట్టి మీరు పక్కకి వెళ్లిపోండి. మర్నాటికి కూడా ముట్టకపోయినా, మధ్యలో డల్‌గా పడుకున్నా, వాంతులైనా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఒళ్లు వేడిగా ఉందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయకండి, ఒక్క బిళ్ల కూడా పిల్లి ప్రాణం తీస్తుంది.