లీగల్ సెక్షన్ విలువ కట్టడం – 4వ పాఠం: ముందే చేతికొచ్చిన డబ్బు

గత పాఠంలో, కంపెనీకి సొంత లీగల్ సెక్షన్ ఉండటం వల్ల బయటి లాయర్ల ఫీజు ఎంత తగ్గిందో చూశాం. అది తేలిక లెక్క, చిన్న లెక్క. పూర్తికాలం జీతానికి పనిచేసే లా ఆఫీసరు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయరుగా కోర్టులో నిలబడకూడదు కాబట్టి ఆ ఖర్చు ఎలాగూ పూర్తిగా పోదు. యజమాని కంటికి ఆనే సొమ్ము వసూళ్లలో ఉంది.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ అనుకుందాం. హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీకి నెలకు 40 లక్షల సరుకు పంపుతోంది. ఒప్పందంలో గడువు 90 రోజులు. తగ్గించమని అడిగితే ఆర్డరు పోతుందేమోనని సేల్స్ వాళ్లు ఊరుకున్నారు. లా ఆఫీసరు ఆ కాగితం చదివి 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం బయటకు తీశాడు. ఉద్యమ్ (కేంద్ర ప్రభుత్వ పోర్టల్) నమోదున్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు డబ్బు కట్టే గడువు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ‘మాది చిన్న పరిశ్రమ కాదులే’ అని వదిలేయకండి: 2025 ఏప్రిల్ నుంచి పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు దాటనంతవరకు చిన్నదే.

వడ్డీకి నోటీసిస్తే పార్టీతో చెడుతుంది. అందుకని నోటీసు జోలికి పోకుండా కొత్త ఒప్పందంలో గడువు 45కి దించారనుకోండి. ఫ్యాక్టరీ బ్యాంకుకు 12 శాతం వడ్డీ కడుతుంటే, 40,00,000 × 12% × 45 ÷ 365, అంటే నెల సరుకు మీద సుమారు 59 వేలు మిగిలింది. ఏడాదికి 7 లక్షల పైమాటే.

ఆ 7 లక్షలూ లీగల్ ఖాతాలో రాసుకుంటే మీటింగులో సేల్స్ మేనేజరు లేచి నిలబడతాడు, న్యాయంగానే. ఫోన్లు చేసింది ఆయన. ఎవరి వాటా ఎంతో అకౌంట్స్ వాళ్ల చేత రాయించండి. తన పేపరు తనే దిద్దుకున్నవాడి మార్కులు ఎవరూ నమ్మరు.

ఇక పాత బాకీలు. వసూలు దావాకు కాలపరిమితి మామూలుగా మూడేళ్లు. అది తీరకముందే అవతలివాళ్లు బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం దొరికితే, ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలు. కాలదోషం పట్టబోతూ ఇలా బతికిన బాకీలు ఒక పట్టీగా రాయండి. విలువగా చూపించేది మాత్రం వసూలైనదే. చెక్కు బౌన్సయితే, బ్యాంకు ఆ సంగతి తెలిపిన 30 రోజుల్లోపు నోటీసు వెళ్లిందా లేదా అన్నది రాస్తే చాలు.

అందరూ ఉబ్బించి చెప్పేది ‘తప్పించిన నష్టం’. దానికి నా షరతు ఒక్కటే: క్లెయిమ్ వచ్చిన వారంలోనే, కేసు తేలకముందే, ఎంత కట్టాల్సి రావచ్చో అంచనా రాసి యజమాని సంతకం తీసుకోవాలి. తేలాక వేసిన అంచనా నేనైతే లెక్కలోకి తీసుకోను.

అభ్యాసం: సరుకు నాణ్యత బాగోలేదని టెక్కలి గ్రానైట్ యూనిట్‌ను కొనుగోలుదారు 12 లక్షలు అడిగాడు. లా ఆఫీసరు అదే వారం 7 లక్షలని అంచనా రాసి సంతకం చేయించాడు. 4 లక్షలకు రాజీ కుదిరింది. బయటి లాయరుకు 60 వేలు ఇచ్చారు. తప్పించిన నష్టం కింద ఎంత రాస్తారు? జవాబు 5వ పాఠం మొదట్లో.