గేమ్‌బాయ్‌లో తీన్‌మార్ కొట్టడం ఎలా

మా రాంనగర్ గల్లీలో వినాయకుడి మండపం దగ్గర నేను సంచిలోంచి గేమ్‌బాయ్ తీశాను. పక్కన మంట వేసి డప్పు కాచుకుంటున్న అన్న ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని గూడ కాచాల్నా?" అన్నాడు.

కాచాలి. కాకపోతే ఒక్కసారే, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో. చేతిలో పట్టుకుని ఆడుకునే ఈ పాత వీడియో గేమ్‌నే వాయిద్యంగా మార్చి, దాని సౌండ్ చిప్‌తో తీన్‌మార్ వాయించడం ఎలాగో చెబుతాను.

ముందు మీ దగ్గరున్నది గేమ్‌బాయేనా చూసుకోండి. మనలో చాలామంది చిన్నప్పుడు ఆడింది బ్రిక్ గేమ్. అందులో కార్ట్రిడ్జ్ (గేమ్ ఉండే, మార్చుకోగల చిన్న డబ్బీ) పట్టదు కాబట్టి ఈ పనికి రాదు. మనకు కావలసింది నింటెండో 1989లో తెచ్చిన బూడిద రంగు ఇటుక లాంటి మోడల్. వెనక డీఎంజీ-01 అని ఉంటుంది, నాలుగు పెన్సిల్ సెల్స్ పడతాయి. నాది మా మామ స్నేహితుడు దుబాయ్ నుంచి తెచ్చి, వాళ్ల పిల్లలు వదిలేస్తే అటక మీద పడి ఉన్నది. తర్వాత వచ్చిన పాకెట్, కలర్ మోడల్స్‌లోనూ ఇదే పని చేయొచ్చు. కానీ కింది స్వరాల్లో ఈ పాతదానికి ఉన్న బరువు వేరు.

పైసా ఖర్చు పెట్టకముందే కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌నే గేమ్‌బాయ్‌లా నడిపించేది) పెట్టుకుని ఒక నెల వాయించి చూడండి. గేమ్‌బాయ్‌లో పాట కట్టే సాఫ్ట్‌వేర్ పేరు లిటిల్ సౌండ్ డీజే, అందరూ ఎల్‌ఎస్‌డీజే అంటారు. స్వీడన్‌కు చెందిన యోహాన్ కొట్లిన్‌స్కీ రాశాడు. దానికంటే ముందే 1998లో వచ్చిన నానోలూప్ కూడా ఉంది. అది ఇంకా సులువు, అయితే తాళంతో కుస్తీ పట్టాలంటే నాకు ఎల్‌ఎస్‌డీజేనే నచ్చింది. నెల తర్వాత కూడా సరదా తగ్గకపోతే, తిరిగి రాయడానికి వీలుండే ఫ్లాష్ కార్ట్రిడ్జ్ కొనండి. సేవ్ మెమరీ 128 కిలోబైట్లు ఉన్నదే తీసుకోండి.

ఇక సోల్డరింగ్. కొత్తవాళ్లు మొదట తెరకు లైటు పెట్టించుకుంటారు. ఫోటోలో బాగుంటుంది, నిజమే. నా మాట వింటే ముందు సౌండ్ పని చేయించండి. గేమ్‌బాయ్ చిప్‌లో పుట్టిన శబ్దం వాల్యూమ్ చక్రం దాటి, లోపలి చిన్న ఆంప్లిఫయర్ గుండా వెళ్లి హెడ్‌ఫోన్ జాక్‌కు చేరుతుంది. ఆ ఆంప్లిఫయర్ దగ్గరే బేస్ పలచబడి, గరగర కలుస్తుంది. కాబట్టి వాల్యూమ్ చక్రం దగ్గరికి రాగానే సిగ్నల్‌ను పట్టుకుని వేరే జాక్‌కు ఇచ్చేయాలి. దీన్నే ప్రోసౌండ్ అంటారు.

కావలసిన వైరు, స్టీరియో జాక్, లెడ్ (సోల్డర్ తీగ), పేస్ట్ అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క చక్కర్‌లో దొరుకుతాయి. మూడు రెక్కల బిట్ ఉన్న స్క్రూడ్రైవర్ మాత్రం అడిగి మరీ తీసుకోండి, వెనక ఉన్న ఆరు స్క్రూలు మామూలుదానికి రావు. విప్పాక ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపే పట్టీ లాంటి కేబుల్ ఉంటుంది. లాగేయకండి, నెమ్మదిగా నిటారుగా ఊడదీయండి. వాల్యూమ్ చక్రం వెనక సగంలోనే ఉంటుంది కాబట్టి తెర జోలికి వెళ్లే పని లేదు.

చక్రం కాళ్లలో (బోర్డుకు అతికి ఉన్న లోహపు కొసల్లో) ఏది ఏదో బొమ్మ చూసి నమ్మేయకుండా మీరే పరీక్షించుకోండి. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, బ్యాటరీ మైనస్‌తో కలిసిన కాలు ఏదో చూడండి. అది గ్రౌండ్. తర్వాత కేబుల్ మళ్లీ తగిలించి, పాట పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. బయట పెట్టుకున్న చిన్న స్పీకర్‌కు పోయే వైరును మిగతా కాళ్లకు ఒక్కొక్కదానికి తాకించి చూడండి. తగ్గించినా శబ్దం వస్తున్న రెండు కాళ్లే మనవి, ఒకటి ఎడమ, ఒకటి కుడి. ఇక సెల్స్ తీసేసి అతికించండి. చిక్కడపల్లిలో టీవీలు బాగుచేసే మా మామ నా మొదటి అతుకు చూసి, "అట్ల గాదు బిడ్డా, ముందుగాల కాలు వేడి కానియ్యి. వేడెక్కితే లెడ్డు దానంతటదే పారతది" అన్నాడు. అతుకు గోళీలా ఉబ్బి నిలబడితే అది పట్టలేదని అర్థం. కొండలా వాలి మెరవాలి.

జాక్ కోసం రంధ్రం వేసే ముందు దాన్ని లోపల ఆనించి, మూత ఒకసారి వేసి చూడండి. నేను చూడకుండా వేశాను. జాక్ తోక వెళ్లి సెల్స్ గదికి తగిలింది, రెండో రంధ్రం వేయాల్సి వచ్చింది. మొదటిది ఇప్పటికీ నోరు తెరుచుకునే ఉంది. ఇంకో మాట, ఈ కొత్త జాక్‌కు వాల్యూమ్ చక్రం పని చేయదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని దీంట్లో గుచ్చకండి.

లైటు సంగతి రెండు ముక్కల్లో. పాత తెర వెనక అంటించిన వెండి పొర ఒలిచి ప్యానెల్ దూర్చడం ఓపికున్నవాళ్ల పని. తెరనే మార్చేసే ఐపీఎస్ కిట్ సులువు, కానీ సెల్స్ తాగేస్తుంది, కొన్నిసార్లు సౌండ్‌లో సన్నటి ఈల కూడా తెస్తుంది.

ఇప్పుడు వాయిద్యం. ఉన్నది నాలుగు గొంతులు, అంటే చానెళ్లు: రెండు పల్స్, ఒక వేవ్, ఒక నాయిస్. ఒక్కో గొంతు ఒకసారి ఒకే స్వరం పలుకుతుంది. పల్స్ 64 హెర్ట్జ్ కన్నా కిందికి దిగలేదు, వేవ్ 32 దాకా దిగుతుంది. అందుకే బేస్ వేవ్‌కు ఇస్తారు. ఒకే గొంతులో మూడు స్వరాలు కావాలంటే స్వరం పక్కన సీ37 అనే కమాండ్ రాస్తే చాలు. షడ్జమం, దానికి మూడు మెట్ల పైన సాధారణ గాంధారం, ఏడు మెట్ల పైన పంచమం గిరగిరా తిరుగుతాయి, చెవి వాటిని కలిపేసుకుంటుంది. సీ47 అంటే అంతర గాంధారం. ఆ గిరగిరే ఈ సంగీతానికి ఆనవాలు.

ఎల్‌ఎస్‌డీజేలో స్వరాలు రాసే ముక్క ఫ్రేజ్, పదహారు గళ్లు. ఫ్రేజ్‌లు కలిస్తే చైన్, చైన్లు కలిస్తే పాట. 'A' బటన్ నొక్కితే స్వరం పడుతుంది, 'A' నొక్కి పట్టి పక్క బాణాలు నొక్కితే స్వరం మారుతుంది, స్టార్ట్ వాయిస్తుంది. సెలెక్ట్ పట్టుకుని బాణాలు నొక్కితే తెరలు మారతాయి. మిగతాది వేళ్లకు వారంలో వస్తుంది.

అసలు చిక్కు గళ్ల లెక్కలో ఉంది. పదహారు గళ్లు నాలుగు నాలుగుగా విడిపోతాయి. తీన్‌మార్ నడక మూడు మూడుగా ఉంటుంది. పదహారులో ఇరికిస్తే కాలు కదలదు, నేను రెండు వారాలు ఇరికించి చూశాను. మందు ఒక్క అక్షరం: హెచ్ కమాండ్. గళ్లు 0 నుంచి 9, తర్వాత ఏ (A) నుంచి ఎఫ్ (F) దాకా ఉంటాయి. పదమూడోదైన సీ గడిలో హెచ్00 రాస్తే, పాట అక్కడికి రాగానే తర్వాతి ఫ్రేజ్‌లోకి దూకుతుంది. పన్నెండు గళ్లు మిగిలాయి, అంటే నాలుగు మూళ్లు. ఈ హెచ్ నాలుగు చానెళ్లలోనూ, ప్రతి ఫ్రేజ్‌లోనూ ఉండాలి. ఒకసారి బేస్‌లో మర్చిపోయాను. బేస్ పక్కకు జారిపోతూ, నలభై ఎనిమిది గళ్లకోసారి వచ్చి కలిసింది. బాగుందనిపించి ఒక పాటలో అలాగే ఉంచేశాను.

టెంపో దగ్గర కూడా మోసపోవద్దు. తెర మీద 120 అని ఉన్నా అది నాలుగు గళ్లకు ఒక దెబ్బ లెక్క. మనం మూడింటికి ఒక దెబ్బ వేస్తున్నాం కాబట్టి అసలు వేగం 160.

డప్పులో చిర్ర (లావు కర్ర) దెబ్బ వేరు, చిటికెన పుల్ల (సన్నటి పుల్ల) దెబ్బ వేరు. చిర్రకు వేవ్ వాడండి: స్వరం పెట్టి, పీ కమాండ్‌తో సర్రున కిందికి జారేలా చేయండి. నేను 0, 6 గళ్లలో వేస్తాను. చిటికెన పుల్లకు నాయిస్: ఎన్వలప్ ఏ1. మొదటి అక్షరం ఎంత గట్టిగా అన్నది, రెండోది ఎంత త్వరగా ఆరిపోవాలన్నది. 1 అంటే టక్కున, 7 అంటే నెమ్మదిగా. దీన్ని 2, 3, 5, 8, 9, బీ గళ్లలో వేస్తాను. చిర్ర వేవ్‌ను తీసుకుంది కాబట్టి బేస్ అదే చానెల్‌లో మధ్య ఖాళీల్లో దూరాలి. ఇరుకే.

జనం ముందు వాయించేటప్పుడు పాట మొదటి నుంచి చివరి దాకా వదిలేస్తే మీరు నిలబడి ఏం చేస్తారు? సాంగ్ తెరలో సెలెక్ట్ పట్టి ఎడమ బాణం నొక్కితే లైవ్ మోడ్ వస్తుంది. అక్కడ చైన్ మీద స్టార్ట్ నొక్కితే, నడుస్తున్నది పూర్తయ్యాక అది అందుకుంటుంది. బీ పట్టి సెలెక్ట్ నొక్కితే ఒక చానెల్ నోరు మూస్తుంది. మండపం దగ్గర నాకు ఎక్కువ పని చేసింది ఇదే. వేవ్‌ను మూసేసి నాయిస్ ఒక్కదాన్నే వదిలాను, ఆ ఖాళీలోకి డప్పు అన్నలు దూకారు.

సౌండ్ అన్నతో ముందే మాట్లాడుకోండి. "అన్నా, ఇది ఫోన్ కాదు, కీబోర్డ్‌కు ఇచ్చినట్టు లైన్ ఇవ్వు, డీఐ బాక్స్ ఉంటే పెట్టు. పై సౌండ్ కొంచెం తగ్గించు" అంటే చాలు. డీఐ బాక్స్ అంటే వాయిద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా చేసే చిన్న పెట్టె. నాయిస్ పెద్ద స్పీకర్లలో చెవులు కోసేస్తుంది. అడాప్టర్ వద్దు, హమ్మింగ్ వస్తుంది. పైగా ఈ మోడల్‌కు మధ్యలో మైనస్ ఉండే 6 వోల్టుల అడాప్టర్ కావాలి, తిరగేసి పెడితే పని అయిపోతుంది. సెల్స్ ఆల్కలైన్‌వి వేయండి. నేను మొదటిసారి రిమోట్‌లో వేసే చవక సెల్స్ వేసుకెళ్లాను. మూడో పాటలో ఎర్ర లైటు మసకబారింది, తెర తెల్లబోయింది, నేనూ అంతే.

ఇంటికి రాగానే, అలసటగా ఉన్నా, కార్ట్రిడ్జ్‌లోని సేవ్ ఫైల్ కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. చాలా కార్ట్రిడ్జ్‌లలో పాటలను కాపాడేది బొత్తాం అంత సెల్. అది అయిపోయిన రోజున చెప్పిపోదు, నాకు పదకొండు పాటలు పోయాయి. ఫైల్‌కు తేదీ పేరు పెట్టండి. "ఫైనల్" అని పెడితే, నా దగ్గరున్నట్టు ఏడు ఫైనల్స్ అవుతాయి.