ఇంటి కంప్యూటర్ మనమే చూసుకుందాం – 6వ పాఠం: 'యెస్' నొక్కే ముందు

పోయిన పాఠంలో అక్కర్లేని ప్రోగ్రాములు తీసేయడం నేర్చుకున్నాం. ఆ పని చేస్తుంటే తెర ఒక్కసారిగా మసకబారి, మధ్యలో ఒక పెట్టె వచ్చి "ఈ యాప్ మీ కంప్యూటర్లో మార్పులు చేయొచ్చా?" అని అడిగి ఉంటుంది. దాని పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్, పొట్టిగా యూఏసీ. దాన్ని ఆపేసే చోటు కూడా ఈ పాఠంలోనే చూపిస్తాను. కానీ ఆపొద్దు.

మొన్న ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా బావగారింటికి వెళ్లాను. ఆయనకు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. రాత్రిపూట ఇంటి కంప్యూటర్లో లెక్కలు ఎక్కించుకుంటారు. నేను కూర్చోగానే, "ఏమయ్యా, లెక్కలు తెరిచినప్పుడల్లా ఇది అడ్డం పడుతోంది. తీసిపారెయ్" అన్నారు.

"అడుగుతున్నది ఎవరో ముందు చూద్దాం బావగారూ" అని ఆ పెట్టెలో 'షో మోర్ డీటెయిల్స్' నొక్కాను. ఏళ్ల నాటి లెక్కల ప్రోగ్రాం అది. పెట్టె పైభాగం పసుపు రంగులో ఉంది, పబ్లిషర్ అన్నచోట 'అన్‌నోన్' అని ఉంది. అంటే తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం దానికి లేదు. సంతకం సరిపోతే నీలం వస్తుంది. అయితే నీలం కనిపించగానే నిశ్చింతగా ఉండకండి. అది ఎవరు చేసిందో చెబుతుందే తప్ప మంచిదని హామీ ఇవ్వదు.

ఆ ప్రోగ్రాం తన లెక్కల ఫైళ్లను 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డర్లోనే దాచుకుంటోంది. మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రాం అక్కడ రాయడానికి విండోస్ ఒప్పుకోదు. అందుకని ఎవరో దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, 'కంపాటిబిలిటీ' కింద 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' దగ్గర టిక్ పెట్టారు. ఆ రోజు నుంచి తెరిచిన ప్రతిసారీ పెట్టె వస్తోంది. లెక్కల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ప్రోగ్రాంను డి డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్లో ఇన్‌స్టాల్ చేసి, ఫైళ్లు వెనక్కి పెట్టి, ఆ టిక్ తీసేశాను. మళ్లీ తెరిస్తే నేరుగా లెక్కలు వచ్చేశాయి. అన్ని పాత ప్రోగ్రాములకూ ఇది పనిచేయకపోవచ్చు, కానీ మొదట ప్రయత్నించాల్సింది ఇదే. విసిగిస్తున్నది ఒక్క ప్రోగ్రాం అయినప్పుడు ఆ ఒక్కదాన్నే సరిచేయాలి. ఇంటి తలుపులన్నీ బార్లా తీసి పెట్టక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇళ్లలో అందరూ అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోనే పనిచేసేవాళ్లం. మనం నొక్కినదానికల్లా కంప్యూటర్ మీద పూర్తి అధికారం దక్కేది. 2007లో ఇళ్లకొచ్చిన విస్టాతో ఇది మారింది. మీరు అడ్మినిస్ట్రేటర్ అయినా సరే, మీ ప్రోగ్రాములు మామూలు హక్కులతోనే నడుస్తాయి. పెద్ద హక్కులు కావాలంటే మిమ్మల్ని అడగాలి. తెర మసకబారడం కూడా ఊరికే కాదు. ఆ కాసేపూ విండోస్ పెట్టెను విడిగా ఒక తెర మీద చూపిస్తుంది. మిగతా ప్రోగ్రాములు మీ బదులు 'యెస్' నొక్కలేవు.

విస్టా పెట్టెలు మరీ ఎక్కువ వస్తుంటే నేనూ విసిగిపోయి 2008లో ఆపేశాను. కొన్నాళ్లకు విజయవాడ గవర్నరుపేటలో ఒక డీటీపీ షాపులో ప్రింట్లు తీయించుకుని, పెన్‌డ్రైవ్ ఇంటికి తెచ్చి, 'ఫోటోలు' అన్న ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కాను. అది ఫోల్డర్ కాదు. ఫోల్డర్ బొమ్మ తగిలించుకున్న ప్రోగ్రాం. చప్పుడు లేకుండా సిస్టమ్‌లోకి దూరి యాంటీవైరస్‌ను ఆపేసింది. ఆ రోజు పెట్టె వచ్చి ఉంటే చెయ్యి ఆగేది, ఎందుకంటే మన ఫోటోల ఫోల్డర్ తెరవడానికి విండోస్ ఎప్పుడూ ఇలా అడగదు. ఫోటో, పాట, పీడీఎఫ్ తెరుస్తుంటే ఈ పెట్టె వచ్చిందా, 'నో' నొక్కండి. మీరేమీ చేయకుండా ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా అంతే, అది ఎవరిదో తేలేదాకా 'నో'యే.

ఇక మీట. స్టార్ట్‌లో 'యూఏసీ' అని టైపు చేస్తే నాలుగు మెట్ల స్లైడర్ వస్తుంది. మామూలుగా పైనుంచి రెండో మెట్టు మీద ఉంటుంది. ప్రోగ్రాములు మార్పులు చేయబోతే అడుగుతుంది, విండోస్ సెట్టింగులు మీరే మారుస్తుంటే అడగదు. అక్కడే ఉంచండి. మూడో మెట్టులో తెర మసకబారదు, ఇందాక చెప్పిన రక్షణ పోతుంది. అట్టడుగున పెడితే, అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ఏ ప్రోగ్రాం అడిగినా మీకు చెప్పకుండానే అధికారం ఇచ్చేస్తుంది.

ఈ వారం అభ్యాసం. సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్'కు వెళ్లి కొత్త ఖాతా చేసి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. ఒకసారి లాగౌట్ అయి, ఆ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లగలుగుతున్నారో లేదో తప్పకుండా చూడండి. ఆ తర్వాతే మీ రోజువారీ ఖాతాను, పిల్లల ఖాతాను 'స్టాండర్డ్ యూజర్'గా మార్చండి. వరస తప్పితే ఇబ్బంది పడతారు. ఇకమీదట పెట్టె వస్తే ఒట్టి 'యెస్' సరిపోదు, పాస్‌వర్డ్ కొట్టాలి. పిల్లలు ఏదైనా గేమ్ సిస్టమ్‌లోకి ఎక్కించబోతే మీ దగ్గరికి రావాల్సిందే.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ పెట్టె సిస్టమ్‌కు కాపలా, మీ ఫైళ్లకు కాదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు మీ పెళ్లి ఫోటోలు పాడుచేయడానికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు అక్కర్లేదు, మీ మామూలు హక్కులే చాలు. దానికి మందు బ్యాకప్. వచ్చే పాఠానికి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ దగ్గర పెట్టుకోండి.