మీ ప్రాంతంలో పరిశ్రమల క్లస్టర్‌ను ఎలా నిలబెట్టాలి?

ఒక ప్రాంతంలో ఉపాధి పెంచాలి అనుకోగానే చాలామందికి తట్టేది బయటి నుంచి ఒక పెద్ద కంపెనీని తేవడమే. భూమి ఇస్తారు, పన్ను తగ్గిస్తారు. రాయితీల గడువు తీరాక ఆ కంపెనీ ఇంకో చోటు చూసుకుంటే మిగిలేది ఖాళీ షెడ్డు. అంతకంటే నమ్మకమైన దారి ఇంకోటి ఉంది. అక్కడ ఇప్పటికే వేళ్లూనుకున్న పని ఏదో కనిపెట్టి, దానికి అడ్డుపడుతున్నదాన్ని తొలగించడం.

ఒకే రకం సరుకు చేసే యూనిట్లు, వాటికి ముడిసరుకు అమ్మేవాళ్లు, యంత్రాలు బాగుచేసేవాళ్లు, పని నేర్పే సంస్థలు ఒక చోట చేరితే అది క్లస్టర్. ఇలా గుమిగూడితే ఏం లాభమో ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే వివరించారు. పనితెలిసినవాళ్లు తేలిగ్గా దొరుకుతారు, అనుబంధ వ్యాపారాలు పుట్టుకొస్తాయి, పనిలోని మెలకువలు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. 1990లో మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ దీని గురించి రాసిన తర్వాత క్లస్టర్ అనే మాట ప్రభుత్వాల నోళ్లలో బాగా నానింది.

1. ముందు లెక్క కట్టండి

మీ ప్రాంతంలో ఏ పని వేళ్లూనుకుందో కనిపెట్టడానికి లొకేషన్ కోషెంట్ అనే చిన్న లెక్క ఉంది. మీ ప్రాంతంలో మొత్తం 2,00,000 ఉద్యోగాలు ఉన్నాయనుకుందాం. అందులో ఫర్నిచర్ తయారీలో ఉన్నవి 6,000, అంటే 3 శాతం. దేశం మొత్తం మీద ఫర్నిచర్ వాటా 1 శాతమే అయితే, 3ని 1తో భాగించండి. వచ్చిన 3 మీ కోషెంట్. 1 దగ్గర ఉంటే అందరిలాగే ఉన్నట్టు. 1 దాటి బాగా పైకి వెళ్తే అక్కడ ఏదో ప్రత్యేకత ఉన్నట్టు. ఒక్క పెద్ద ఫ్యాక్టరీ వల్ల కూడా ఈ అంకె పెరగొచ్చు కాబట్టి యూనిట్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. ఐదేళ్ల కిందటి అంకెతో పోల్చి చూస్తే పని పెరుగుతోందా, తరుగుతోందా తెలుస్తుంది.

2. తర్వాత కాలికి పని చెప్పండి

ఇళ్లలో జరిగే పని, లెక్కల్లోకి ఎక్కని చిన్న వర్క్‌షాపులు కాగితం మీద కనిపించవు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో డాల్టన్ అనే ఊరు కార్పెట్లకు పేరు. దాని మొదలు 1890లలో క్యాథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి చేత్తో కుట్టిన ఒక దుప్పటి. అడిగినవాళ్లకల్లా కుట్టి అమ్మింది, చుట్టుపక్కల ఆడవాళ్లు నేర్చుకున్నారు, ఆ తర్వాత యంత్రాలొచ్చాయి, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ పనితనమే కార్పెట్లకు మళ్లింది. ఏ సర్వే అయినా మొదట్లో దాన్ని పరిశ్రమగా రాసుకుని ఉండేది కాదు.

అందుకే ప్రతి యూనిట్‌కీ వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. ముడిసరుకు ఎక్కణ్నుంచి వస్తుంది? యంత్రం ఆగిపోతే ఎవరిని పిలుస్తారు? పోయినసారి ఆర్డర్ ఎందుకు చేజారింది? మూడోదానికి పదిమంది ఒకే జవాబు చెప్పారంటే మీ పని సగం అయినట్టే. జిల్లా సరిహద్దు దగ్గర మాత్రం ఆగొద్దు. సరుకు ఎంతవరకు తిరుగుతుందో అంతవరకూ క్లస్టరే.

3. పోటీదారుల్ని ఒక చోట కూర్చోబెట్టండి

నన్నడిగితే అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. పక్కవాడు తన బయ్యర్‌ని లాక్కుంటాడని, డిజైన్ కాపీ కొడతాడని ప్రతివాళ్లకీ లోపల టెన్షన్ ఉంటుంది. మొదటి రోజే విజన్, మిషన్ అని పెద్ద మాటలు మొదలుపెడితే రెండో మీటింగ్‌కి ఎవరూ రారు. అందరికీ పనికొచ్చే చిన్న పనితో మొదలుపెట్టండి: ముడిసరుకు కలిపి కొనడం, లేదా ఒకే లారీలో సరుకు పంపడం. చేతికి నాలుగు డబ్బులు మిగిలాక నమ్మకం దానంతటదే వస్తుంది. నడిపించే మనిషికి ఏ యూనిట్‌లోనూ వాటా ఉండకూడదు.

4. ఒక్క ఉమ్మడి సమస్య పట్టుకోండి

పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ సర్జికల్ పరికరాలకు ప్రసిద్ధి. కత్తెరలు, ఫోర్సెప్స్ తయారుచేసే చిన్న యూనిట్లు వందల్లో ఉంటాయి. 1994లో నాణ్యత బాగాలేదని అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని తనిఖీ చేసే సంస్థ ఎఫ్‌డీఏ ఆ సరుకు దిగుమతులపై ఆంక్షలు పెట్టింది. ఒక్కో యూనిట్ విడిగా ఎదుర్కోగలిగిన దెబ్బ కాదది. తయారీదారుల సంఘం, ప్రభుత్వం కలిసి నిపుణుల్ని రప్పించి, అమెరికా అడిగిన నాణ్యతా పద్ధతుల్ని యూనిట్లకు నేర్పించాయి. ఎగుమతులు మళ్లీ కోలుకున్నాయి.

దీనికి రెండో వైపు తిరుప్పూర్‌లో కనిపిస్తుంది. బనియన్ల ఎగుమతితో వెలిగిపోతున్న ఆ ఊళ్లో అద్దకం నీళ్లు నొయ్యల్ నదిలో కలుస్తూ పోయాయి. 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ కలిసి చేసిన నష్టం అది. కాబట్టి క్లస్టర్ వదిలే నీళ్లు, పొగ, చెత్త సంగతి మొదటి ఏడాదిలోనే తేల్చండి.

ల్యాబ్ అయినా, నీటి శుద్ధి ప్లాంట్ అయినా, కట్టేముందే ఒక కాగితం రాసుకోండి: కరెంటు బిల్లు ఎవరు కడతారు, టెక్నీషియన్ జీతం ఎక్కణ్నుంచి, వాడుకున్నందుకు ఫీజు ఎంత. గ్రాంటుతో కొన్న మెషిన్ కవరు కూడా విప్పకుండా మూలన పడి ఉందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఈ కాగితం లేకపోవడమే.

5. పని నేర్పే సంస్థల్ని కలుపుకోండి

తైవాన్ 1980లో సించూ సైన్స్ పార్క్ తెరిచింది. కానీ దానికి ఏడేళ్ల ముందే పరిశోధనా సంస్థ ఐటీఆర్‌ఐని పెట్టింది, 1976లో ఇంజనీర్లను చిప్‌ల తయారీ నేర్చుకోడానికి అమెరికా పంపింది. ముందు మనుషులు తయారయ్యారు, భవనాలు తర్వాత వచ్చాయి. మీ దగ్గర పాలిటెక్నిక్ ఉంటే సిలబస్ కమిటీలో ఇద్దరు యూనిట్ యజమానుల్ని, ఒక సీనియర్ పనివాణ్ని కూర్చోబెట్టండి.

6. ఏటా వెనక్కి తిరిగి చూడండి

ఎన్ని మీటింగులు పెట్టారన్నది లెక్కలోకి రాదు. కొత్తగా ఎన్ని యూనిట్లు పుట్టాయి, జీతాలు పెరిగాయా, పాత పనివాళ్లు సొంతంగా మొదలుపెడుతున్నారా, ఒకే బయ్యర్ మీద ఎంతమంది ఆధారపడ్డారు అన్నవి చూడండి. స్విట్జర్లాండ్ వాచీల పరిశ్రమలో 1970లో దాదాపు 90,000 మంది పనిచేసేవాళ్లు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చాక 1980ల మధ్యకల్లా ఆ సంఖ్య మూడో వంతుకు దగ్గరగా పడిపోయింది. అంతా ఒకే పనిలో ఆరితేరినప్పుడు బయటి మార్పు ఆలస్యంగా కంటబడుతుంది. అందుకని ఏటా చేసే సమీక్షకి మీ సరుకు కొనడం మానేసిన ఇద్దరు బయ్యర్లను పిలిచి, ఎందుకు మానేశారో వాళ్ల నోటితోనే చెప్పించండి.